పంతులమ్మకు ఇరవై, శిష్యులకు అరవై

తెలుగులో ఎవరికైనా పని చెప్పాలంటే వాళ్లు మనకు పెద్దా చిన్నా అన్నది ముందు తేల్చుకోవాలి. "రాయి" అంటామా, "రాయండి" అంటామా? పిల్లల బడిలో ఈ చిక్కు రాదు. చెప్పేవాళ్లు పెద్ద, వినేవాళ్లు చిన్న, అక్కడితో సరి. రాత్రిబడిలో అలా కుదరదు. ఇరవై రెండేళ్ల అమ్మాయి అరవై ఏళ్ల మనిషి చేతికి పలక ఇచ్చినప్పుడు మనకున్న రెండు మర్యాదలు ఎదురెదురుగా వచ్చి నిలబడతాయి. వయసు లెక్కన చూస్తే ఆ అమ్మాయి లేచి ఆయనకు చోటివ్వాలి. చదువు లెక్కన చూస్తే ఆయనే ఆమెకు నమస్కారం పెట్టాలి. రెంటిలో ఏ ఒక్కదాన్నీ వదులుకోవడానికి ఊరు ఒప్పుకోదు.

ఈ పరిస్థితి మనం అనుకునేంత అరుదేమీ కాదు. వయోజన విద్య వాలంటీర్లు, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ వ్యవసాయ సహాయకులు, తెలంగాణలో వ్యవసాయ విస్తరణాధికారులు (ఏఈవోలు), మహిళా సంఘాల లెక్కలు రాసే అమ్మాయిలు, కంప్యూటర్ సెంటర్ల కుర్రాళ్లు, 1982లో మొదలైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం స్టడీ సెంటర్లలో పాఠాలు చెప్పే కుర్ర లెక్చరర్లు, అందరికీ ఎదురయ్యేది ఇదే. తమకన్నా పాతికేళ్లో నలభై ఏళ్లో పెద్దవాళ్లకు నేర్పాలి. బీఈడీలో పిల్లల మనస్తత్వం గురించి బోలెడు చెబుతారు. నాయనమ్మ వయసు శిష్యురాలితో ఎలా మెలగాలో మాత్రం ఎవరికి వాళ్లు తడుముకుంటూ తెలుసుకోవాల్సిందే.

కొత్తగా చేరినవాళ్ల మొదటి భయం ఒకటే: "నా మాట వింటారా?" అక్కడి నుంచి ఆలోచనంతా గౌరవం సంపాదించడం మీదికి పోతుంది. చుడీదార్ మానేసి చీర కట్టుకోవడం, గొంతు కాస్త పెంచడం, చేతిలో ఎప్పుడూ ఒక రిజిస్టరు ఉంచుకోవడం. నాకు ఇదంతా దారి తప్పిన ప్రయత్నంగా కనిపిస్తుంది. తేల్చుకోవాల్సింది ఒక్కటే, ఏ విషయంలో ఎవరి మాట చెల్లాలి అని. అది తేలిన చోట వయసు అడ్డురాదు. తేలని చోట ఎంత మర్యాదగా మాట్లాడినా క్లాసు నడవదు.

టెన్షన్ ఎవరికి ఎక్కువ

చెప్పేవాళ్ల టెన్షన్ కన్నా వినేవాళ్లది పెద్దది. ఊళ్లో యాభై ఏళ్లు పరువుగా బతికిన మనిషి పలక మీద 'ర' గుండ్రంగా రాయలేక తంటాలు పడటం పదిమంది కళ్లలో పడుతుంది. ఆ పదిమందిలో కోడలు ఉండొచ్చు, అప్పిచ్చినవాడు ఉండొచ్చు, కిటికీలోంచి మనవడు నవ్వుతుండొచ్చు. "కాటికి కాళ్లు చాపుకున్న వయసులో నాకెందుకమ్మా చదువు" అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ఈ భయమే. అది తెలియని వాలంటీరు దాన్ని బద్ధకం అనుకుని, చదువు గొప్పతనం మీద ఉపన్యాసం మొదలుపెడతాడు. ఆ ఉపన్యాసం వాళ్లకు కొత్త కాదు. మైకుల్లో, గోడల మీద, కొడుకు నోట ముప్పై ఏళ్లుగా వింటూనే ఉన్నారు.

"కళ్లద్దాలు మర్చిపోయొచ్చాను" అనేది బాగా వినిపించే సాకు. చిక్కేమిటంటే అది ఎంత తరచుగా సాకో అంత తరచుగా నిజం కూడా. నలభై దాటాక చత్వారం రావడం మామూలు. దగ్గరి వస్తువు మసకబారుతుంది. పొలం పనికీ పశువుల పనికీ అది పెద్దగా అడ్డురాదు కాబట్టి ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోరు. వాచకం తెరిచిన రోజే బయటపడుతుంది. మన లిపిలో ద, ధ, థ ల మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. అవే కనపడకపోతే ఎన్నిసార్లు దిద్దించినా లాభం లేదు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో దగ్గరి చూపు అద్దాలు ఇచ్చారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే పేరుతో కంటి పరీక్షలు మొదలుపెట్టారు. ఆ అద్దాలు చాలా ఇళ్లలో గూట్లో పడున్నాయి, వాటితో చేయాల్సిన పని ఏదీ రోజూ తగలదు కాబట్టి. క్లాసులో చేరిన మొదటి వారం "మీకు కనిపిస్తోందా?" అని అడిగితే అందరూ కనిపిస్తోందనే అంటారు. "సూదిలో దారం మీరే ఎక్కించుకుంటారా, మనవరాలు ఎక్కిస్తుందా?" అని అడగండి, అసలు సంగతి తెలుస్తుంది.

చేతుల సంగతి ఇంకొకటి. కొడవలి, పార పట్టిన వేళ్లకు బలపం అందదు. గట్టిగా నొక్కితే విరుగుతుంది, మెల్లగా పట్టుకుంటే జారిపోతుంది. పెద్ద పలక, లావు సుద్దముక్క ముందు ఇచ్చి, పెన్నూ నోటుపుస్తకం తర్వాత తెస్తే సగం అవస్థ తప్పుతుంది. ఇవన్నీ చిన్న విషయాలే. కానీ ఇరవై ఏళ్ల మనిషికి తన ఒంట్లో ఇవేవీ లేవు కాబట్టి తట్టవు. తట్టకపోతే "పెద్దవాళ్లకు బుర్రకెక్కదు" అనే తీర్పుకు వచ్చేస్తారు.

ఇక మెచ్చుకోలు. 'వెరీగుడ్' అంటూ చప్పట్లు కొట్టించడం పిల్లలకు సరిపోతుంది. ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లు చేసిన మనిషికి అది ఎగతాళిలా తగులుతుంది. తప్పు దిద్దేటప్పుడు ఎర్ర ఇంకు, తల మీద చిన్న తట్టు కూడా అంతే. దగ్గర కూర్చుని "ఇక్కడ కొమ్ము ఎటు తిరగాలో చూడండి" అంటే చాలు.

పెద్దవాళ్లు మొదటి రోజే అడిగేది సంతకం. బ్యాంకులో, సంఘం తీర్మానం పుస్తకంలో, పింఛను కాగితం మీద నిశాని వేసేటప్పుడు పక్కవాళ్లు చూసే చూపు వాళ్లకు తెలుసు. వాచకం మాత్రం తేలిక అక్షరాలతో, తల, వల, పలక లాంటి మాటలతో నడుస్తుంది. పేరు రమణ అయితే అదృష్టం, మూడు అక్షరాలూ మొదటి పాఠాల్లోనే వచ్చేస్తాయి. లక్ష్మమ్మ అయితే రెండో అక్షరంలోనే క, ష, మ మూడూ కలిసి మీద పడతాయి, ఆ వెంటనే ఇంకో ఒత్తు. "ఒత్తులు తర్వాత నేర్చుకుందాం" అని వాలంటీరు అంటే ఆ 'తర్వాత' వచ్చేసరికి లక్ష్మమ్మ క్లాసులో ఉండదు. ఆమె పేరును ముందు బొమ్మలాగే గీయనివ్వాలి. ఇది సంతకమే కానీ చదవడం ఇంకా కాదని దాపరికం లేకుండా చెప్పి, ఆ పేరులోంచే ల, మ విడదీసి పాఠంలోకి రావాలి. వాచకం వరస తప్పుతుంది. తప్పితే తప్పనివ్వండి.

రెండు రూపాయల వడ్డీ

రేమండ్ కాటెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన శిష్యుడు జాన్ హార్న్ తెలివితేటలను రెండు రకాలుగా విడదీశారు. కొత్త విషయాన్ని చటుక్కున పట్టుకునే చురుకు ఒకటి. యవ్వనం దాటాక అది మెల్లగా తగ్గుతూ వస్తుంది. అనుభవంతో పోగైన జ్ఞానం, మాటల సంపద రెండోది. అది చాలాకాలం నిలుస్తుంది, పెరుగుతుంది కూడా. కుర్ర టీచరు దగ్గర ఉన్నది ఎక్కువగా మొదటి రకం. అందుకే ఎదుటివాళ్లలోనూ దాన్నే వెతుకుతాడు, కనపడకపోతే ఏమీ లేదనుకుంటాడు.

బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో సరుకులు అమ్ముకునే పిల్లల మీద జరిగిన ఒక పరిశోధన 1985లో అచ్చయింది. బేరం మధ్యలో వేసిన లెక్కల్లో వాళ్లు 98 శాతం సరిగ్గా చెప్పారు. అదే తరహా లెక్కలు బడి పద్ధతిలో ఇస్తే 37 శాతమే సరిగ్గా వచ్చాయి. చూసింది కొద్దిమంది పిల్లలనే, కాబట్టి దాన్ని మరీ పెద్దది చేయనక్కర్లేదు. అయినా మన సంతలో కూరగాయలమ్మే ఎవరి దగ్గర నిలబడినా అదే కనిపిస్తుంది.

వడ్డీ సంగతి తీసుకోండి. ఊళ్లో వడ్డీ అంటే నూటికి నెలకు ఎన్ని రూపాయలు అన్నదే లెక్క. నలభై వేలు, రెండు రూపాయల వడ్డీ, ఏడు నెలలు అనగానే సంఘంలో పదేళ్లుగా ఉన్న మనిషి నోటితోనే చెబుతుంది: నెలకు ఎనిమిది వందలు, ఏడు నెలలకు ఐదు వేల ఆరు వందలు. డిగ్రీ చదివిన వాలంటీరు మనసులో పీటీఆర్ బై హండ్రెడ్ అనుకుని, రెండు రూపాయలను ఏడాదికి 24 శాతంగా మార్చి, ఏడు నెలలను పన్నెండుతో భాగించి, అదే ఐదు వేల ఆరు వందలకు కాస్త ఆలస్యంగా చేరుకుంటాడు. ఈ లోపల క్లాసులో ఎవరో ఒకరు నవ్వుతారు.

అక్కడ బిగుసుకుపోతే ఆ రోజు పాఠం పోయినట్టే. "మీరెలా కట్టారో చెప్పండి, బోర్డు మీద రాస్తాను" అంటే పాఠం మొదలవుతుంది. ఆమె నోట్లో ఉన్న లెక్క అంకెల్లోకి వస్తుంది. ఇది ఆమెను సంతోషపెట్టడానికి ఆడే నాటకం అనుకోకండి. నోటి లెక్కకూ ఒక హద్దుంది. చక్రవడ్డీ, ఈఎంఐలో అసలెంత వడ్డీ ఎంత, బ్యాంకు కట్ చేసిన చార్జీ, బంగారం తాకట్టు రసీదు మీద చిన్న అక్షరాలు, ఇక్కడికి వచ్చేసరికి కాగితం చదవాల్సిందే. బ్యాంకు 12 శాతం అన్నదీ ఊళ్లో రూపాయి వడ్డీ అన్నదీ ఒకటేనని ఆమెకు తెలిసిన రోజున తన అప్పులన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోగలదు. నోటి లెక్క దాకా ఆమె మాట, కాగితం దగ్గర టీచరు మాట. వయసు ప్రసక్తే రాలేదు, గమనించండి.

పెద్దల చదువు గురించి మాట్లాడేవాళ్లు మాల్కం నోల్స్ పేరు తప్పక తెస్తారు. పెద్దలు తమకు వెంటనే పనికొచ్చేదే నేర్చుకుంటారనీ, తమ అనుభవాన్ని వెంట తెచ్చుకుంటారనీ, ఎలా నేర్చుకోవాలో తామే నిర్ణయించుకోవాలనుకుంటారనీ ఈ అమెరికన్ అన్నాడు. మొదటి రెండూ మన ఊళ్లకూ సరిపోతాయి. మూడోది అంత తొందరగా సరిపోదు. అసలు బడి గడప తొక్కని మనిషి మనసులో బడి అంటే బెత్తం, గట్టిగా వల్లె వేయడం, కదలకుండా కూర్చోవడం. గుండ్రంగా కూర్చుని చర్చిద్దామని కుర్ర వాలంటీరు అంటే "ఇదేం బడి, పాఠం చెప్పవేం?" అని ముసలాయనే నిలదీస్తాడు. "కొట్టైనా నేర్పమ్మా" అనేవాళ్లూ ఉంటారు. వాళ్లు కోరిన పంతులు వేషం మొదట్లో కొంత వేయక తప్పదు. రోజూ కొంత డిక్టేషన్, కొంత వల్లె వేయడం పెట్టి, నమ్మకం కుదిరాక సడలించుకుంటూ పోవాలి.

పిలుపులు, చాపలు, వాడలు

మర్యాద మాటల చిక్కు పైకి కనిపించేంత పెద్దది కాదు. తెలంగాణ పల్లెల్లో "పెద్దమ్మా, నువ్వు రాయి" అంటే ఎవరూ తప్పు పట్టరు. వరస పెట్టి పిలిచాక 'నువ్వు' చిన్నతనం కాదు. కోస్తా ఊళ్లలో, పట్నాల్లో "మీరు" అనడమే మంచిది. అటువైపు నుంచి టీచరును "బిడ్డా", "పాపా", "అమ్మాయ్" అంటారు. కొందరు కొత్త టీచర్లు దీనికి నొచ్చుకుని "మేడమ్ అనండి" అని సరిదిద్దుతారు. ఎందుకో నాకు అర్థం కాదు. బిడ్డా అని పిలిచిన నోటితోనే వాళ్లు పాఠం అప్పచెబుతున్నప్పుడు నష్టమేముంది? ఇన్విజిలేటర్ ముందు, అధికారి వచ్చినప్పుడు వాళ్లే "టీచరమ్మ" అంటారు, ఎవరూ నేర్పనక్కర్లేదు.

చిక్కంతా కులం దగ్గరుంది. శిక్షణ తరగతుల్లో వయసు తేడా గురించి గంటలు మాట్లాడి దీన్ని తేలిగ్గా దాటేస్తారు. పెద్దకులం ఇంటి కుర్రాడు దళిత వాడలోని తాతను పేరు పెట్టి, ఏకవచనంలో పిలవడం ఊళ్లో తరాలుగా చూసిందే. అదే కుర్రాడు వాలంటీరై అదే తాతకు అక్షరాలు దిద్దిస్తున్నప్పుడు ఆ పాత పిలుపు మారకపోతే, అక్కడ ఎన్ని గేయాలు పాడినా అది బడి కాదు. ఇటు నుంచి అటు చూస్తే ఇంకా గట్టి పరీక్ష. ఇంటర్ చదివిన దళిత అమ్మాయి వాలంటీరు అయితే, తన అమ్మమ్మ వయసున్న పెద్ద వీధి ఆడవాళ్లు అసలు వస్తారా? క్లాసు వాడలో పెడితే వీళ్లు రారు, రామాలయం మండపంలో పెడితే వాళ్లు రారు. ఎక్కడ పెట్టారో చెబితే ఎవరు రారో చెప్పేయొచ్చు. బడి భవనం, అంగన్‌వాడీ గది కాస్త నయం. అక్కడ మాత్రం పిల్లల బెంచీల్లో పెద్దవాళ్ల మోకాళ్లు పట్టవు, చాప మీద గంటసేపు కూర్చుంటే లేవలేరు. ఇంట్లోంచి ఒక కుర్చీ, ఒక ముక్కాలి పీట తెచ్చుకోమని చెప్పాలి. టీచరు ఒక్కరే కుర్చీలో, మిగతా అందరూ నేల మీద అనే అమరిక మాత్రం వద్దు.

పురుగును అడగండి

ఈ ముడిని నేను చూసినంతలో అందరికన్నా తెలివిగా విప్పింది అక్షరాస్యత రంగం కాదు, వ్యవసాయం. 1980ల్లో ఇండోనేషియా వరి చేలను సుడిదోమ అనే పురుగు ఊడ్చేసింది. మందులు ఎక్కువగా కొట్టిన కొద్దీ దోమ పెరిగింది, ఎందుకంటే ఆ మందులు దాన్ని తినే సాలీళ్లను ముందు చంపేశాయి. 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. తర్వాత రైతులకు ఈ సంగతి చెప్పాలి. చెప్పాల్సింది కుర్ర సిబ్బంది. వినాల్సింది ముప్పై ఏళ్లుగా వరి పండిస్తున్నవాళ్లు. 1989లో అక్కడ మొదలైన పద్ధతే మన దగ్గర పొలంబడిగా వచ్చింది.

దాని పద్ధతి చూడండి. పాతిక ముప్పై మంది రైతులు పంటకాలమంతా వారం వారం పొద్దున్నే ఒక చేనులో కలుస్తారు. చిన్న గుంపులుగా విడిపోయి మొక్కలను దగ్గరగా చూస్తారు, ఏ పురుగు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు, పెద్ద కాగితం మీద బొమ్మ వేస్తారు. మధ్యలో మొక్క, ఒకపక్క శత్రు పురుగులు, ఇంకోపక్క సాలీడు, తూనీగ, అక్షింతల పురుగు లాంటి మిత్రులు. తర్వాత ఈ వారం ఏం చేయాలో వాళ్లే తేల్చుకుంటారు. బొమ్మే కాబట్టి అక్షరం రానివాళ్లకూ చోటుంది. నడిపించే మనిషికి ఒక కట్టుబాటు ఉంది. "సార్, ఇదేం పురుగు?" అని రైతు అడిగితే పేరు చెప్పేయకూడదు. ఎక్కడ దొరికింది, ఎన్ని ఉన్నాయి, ఏం చేస్తోంది అని తిరిగి అడగాలి. తేలకపోతే సీసాలో మొక్కతో పాటు పెట్టి, పైన గుడ్డ కట్టి, ఏది దేన్ని తింటుందో చూద్దామనాలి.

దీంతో ఏం జరిగిందంటే, కుర్రాడు చెప్పాడు కాబట్టి నమ్మాలా అన్న ప్రశ్నే లేకుండా పోయింది. సాలీడు దోమను పట్టుకోవడం రైతు తన కళ్లతో చూశాడు. ఇద్దరి మధ్య ఒక వస్తువు వచ్చింది. ఇద్దరూ దాని వైపు చూస్తున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. ఏ చెలకలో ఎక్కడ నీళ్లు నిలుస్తాయో, ఏ గాలికి తెగులు వస్తుందో రైతుకు తెలుసు. రెండు వేరే వేరే పేర్లున్న డబ్బాల్లో ఉన్నది ఇమిడాక్లోప్రిడ్ అనే ఒకే పురుగుమందని, రెండూ కలిపి కొట్టడం డబ్బు దండగ అని లేబుల్ చదివి చెప్పగలిగేది కుర్రాడు. ఎవరి హద్దు ఎక్కడో తగాదా లేకుండా తేలింది.

ఆ స్ఫూర్తి మన సిబ్బంది వ్యవస్థలో ఎంత మిగిలింది అంటే, నాకు అనుమానమే. తెలంగాణలో ఐదు వేల ఎకరాలకు ఒక ఏఈవో లెక్కన క్లస్టర్లు చేసి, 2020లో రైతు వేదికలు కట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలు మొదలయ్యాయి. రెండుచోట్లా కుర్రవాళ్లు, వ్యవసాయం చదివినవాళ్లు ఊరికి దగ్గరగా వచ్చారు. మంచిదే. కానీ అదే సహాయకుడి చేతిలో ఈ-క్రాప్ నమోదు, అంటే ఏ పొలంలో ఏ పంట వేశారో ప్రభుత్వ లెక్కలో ఎక్కించడం కూడా ఉంది. అది లేకపోతే పంట అమ్మకానికి, బీమాకు ఇబ్బంది. అరవై ఏళ్ల రైతు ఆయన దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడేది పాఠం కోసం కాదు, నమోదు కోసం. బయటి నుంచి చూస్తే కుర్రాడికి బ్రహ్మాండమైన గౌరవం దక్కినట్టే. ఆ గౌరవంతో ఒక్క మందు డబ్బా కూడా తగ్గదు. ఆఫీసులో తల ఊపిన రైతు అటునుంచి అటే పురుగుమందుల షాపుకు వెళ్లి, షాపతను ఏది ఇస్తే అదే తెచ్చుకుంటాడు.

నెల్లూరులో ఏం జరిగింది

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అంతకుముందు, 1988 మేలో కేంద్రం జాతీయ అక్షరాస్యతా మిషన్ పెట్టింది. కేరళలో ఎర్నాకులం జిల్లా 1990 ఫిబ్రవరిలో సంపూర్ణ అక్షరాస్యత సాధించినట్టు ప్రకటించుకుంది. ఆ ఊపులో ఇక్కడా ఊరూరా రాత్రి కేంద్రాలు వెలిశాయి, నేర్పేవాళ్లలో ఎక్కువమంది చదువుకున్న కుర్రకారు. వాచకంలో సారా వల్ల ఇల్లు గుల్లయిన ఆడవాళ్ల బాధ గురించి సీతమ్మ కథ అనే పాఠం ఉంది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు ఆ మాటను పాఠంగా వదిలేయలేదు, సారా దుకాణాన్ని అడ్డుకున్నారు. వాళ్లలో రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం.

చరిత్రగా ఇది అందరికీ తెలిసిందే. చదువు చెప్పేవాళ్ల వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. పాఠంలో అక్షరాలు గుర్తుపట్టేదాకా ఆ కుర్ర వాలంటీర్ల అవసరం ఉంది. చర్చ మొదలయ్యాక సారా పాకెట్ ఎంతో, ఎవరి కూలి ఎంత పోతోందో, కాంట్రాక్టరు మనుషులు ఎవరో ఆ ఆడవాళ్లకే తెలుసు. ఎప్పుడు ఏం చేయాలో నిర్ణయించిందీ వాళ్లే. బ్రెజిల్‌లో పాలో ఫ్రెయిరే అనే విద్యావేత్త 1963లో ఆంజికోస్ అనే ఊళ్లో దాదాపు 300 మంది కూలీలకు 40 గంటల్లో చదవడం నేర్పించినప్పుడు కూడా క్లాసులు నడిపింది యూనివర్సిటీ విద్యార్థులే. వాళ్ల పనిలోని మాటతో మొదలుపెట్టి, ఆ మాట చుట్టూ వాళ్లనే మాట్లాడించడం అక్కడి పద్ధతి. కుర్రవాళ్లు కాబట్టి కుదరలేదని ఈ రెండుచోట్లా ఎవరూ అనలేదు. మాట్లాడాల్సిన చోట పెద్దవాళ్లు మాట్లాడారు కాబట్టి కుదిరింది.

ఇలా ఇవ్వు, నేను చేస్తా

ఇప్పుడు పలక స్థానంలోకి ఫోను వచ్చింది. పల్లెల్లో ఇంటికొకరి చొప్పున ఆరు కోట్ల మందికి కంప్యూటర్, ఫోను వాడకం నేర్పాలని 2017లో కేంద్రం ఒక పథకం మొదలుపెట్టింది. మొత్తం 20 గంటల కోర్సు, వయసు 14 నుంచి 60 లోపు. 2024 మార్చితో ముగిసిన ఆ పథకంలోకి అరవై దాటినవాళ్లు రాలేదు. వాళ్లకు మిగిలిన టీచరు మనవడే.

మనవళ్లంత చెడ్డ టీచర్లు ఉండరు. తెలివి తక్కువై కాదు, ఓపిక లేక. నాయనమ్మ ఒక బటన్ నొక్కేలోపే "ఇలా ఇవ్వు, నేను చేస్తా" అని ఫోను లాక్కుంటారు. పని అయిపోతుంది, ఆమెకు ఏమీ రాదు, రేపు మళ్లీ అదే అడగాలి. రెండుసార్లు విసుక్కున్నాక అడగడం మానేస్తుంది. ఫోను నేర్పేవాళ్లకు నేను పెట్టే షరతు ఒక్కటే: మీ చేతులు వెనక్కి కట్టుకోండి. ఆమె వేలు తప్ప ఇంకో వేలు తెరను తాకకూడదు. ఎండిన, కాయలు కాసిన వేలు తెర మీద సరిగ్గా పని చేయదు, కాస్త తడిగుడ్డ దగ్గర పెట్టండి. వేలిముద్ర చదవని వయసొకటి ఉంటుంది, రేషన్ షాపు మిషను దగ్గర రోజూ చూసేదే. ఆమె తప్పేమో అనుకుని భయపడుతుంది, కాదని చెప్పండి.

యూపీఐ నేర్పేటప్పుడు ఇంకో సంగతి. పెద్దవాళ్లు నమ్మకం కొద్దీ పిన్ను గట్టిగా చదివి చెప్పేస్తారు. కుర్ర టీచరు ఆ క్షణాన మొహం పక్కకు తిప్పుకోవాలి, ఎందుకు తిప్పుకున్నాడో కూడా చెప్పాలి. "నాకు కూడా చెప్పొద్దు" అన్న మాట నేర్చుకున్న మనిషి రేపు ఫోన్లో కేవైసీ అంటూ అడిగేవాడికీ చెప్పదు. ఈ ఒక్క విషయంలో మాత్రం టీచరు మాట గట్టిగానే చెల్లాలి. ఎంత పెద్దవాళ్లైనా ఇక్కడ మొహమాటం పనికిరాదు.

నేర్పేవాళ్ల జీతం సంగతి

ఇంత నేర్పు కావాల్సిన పనికి మనం ఏమిస్తున్నాం? 2009 సెప్టెంబర్ 8న మొదలై 2018 మార్చితో ముగిసిన వయోజన విద్య పథకం సాక్షర భారత్‌లో గ్రామ పంచాయతీకి చదువు కేంద్రాన్ని నడిపే ఇద్దరు ప్రేరక్‌లు, ఒక్కొక్కరికి నెలకు 2,000 రూపాయలు. కింద ఎనిమిది పది మందికి ఒక వాలంటీరు, ఆ వాలంటీరుకు ఏమీ లేదు. 2022 నుంచి 2027 దాకా నడిచే కొత్త పథకానికి 1,037.90 కోట్లు కేటాయించి, ఐదు కోట్ల మందికి చదువు నేర్పాలన్నారు. అదీ పూర్తిగా వాలంటీర్ల మీదే. ఉల్లాస్ అంటున్నది దీన్నే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 2011 జనాభా లెక్కల్లో 67 శాతం, దేశానిది 73. మనకు ఈ పని మిగిలే ఉంది.

జీతం లేని పనిలో కుర్రవాళ్లు ఎంతకాలం ఉంటారు? అమ్మాయికి పెళ్లవుతుంది, అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం దొరుకుతుంది. నాట్లప్పుడు, కోతలప్పుడు క్లాసు ఎలాగూ ఆగుతుంది, తిరిగి మొదలయ్యేసరికి టీచరు మారిపోతారు. పెద్దవాళ్లకు ఇది పిల్లలకన్నా ఎక్కువ దెబ్బ. ఒక కొత్త మనిషి ముందు తప్పులు రాయడానికి వాళ్లు ఒకసారి సిగ్గు విడిచారు. ఇంకో కొత్త మనిషి ముందు మళ్లీ విడవాలి. చాలామంది విడవరు.

ఉల్లాస్‌లో పరీక్ష 150 మార్కులకు, చదవడం, రాయడం, లెక్కలు 50 చొప్పున. కేరళలో కార్త్యాయని అమ్మ 96 ఏళ్ల వయసులో 2018లో అక్కడి అక్షరాస్యతా పరీక్ష రాసి 100కి 98 తెచ్చుకుంటే దేశమంతా ఫొటోలు వచ్చాయి. ఆమెను చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అయితే రాత్రిబడికి వచ్చే నలభై ఐదేళ్ల మనిషికి ముచ్చట అక్కర్లేదు, రేపు బ్యాంకు వోచరు తానే నింపుకోవాలి. ఆమెను ఫొటోకు నిలబెట్టాలని చూసే అధికారికీ, వోచరు నింపించాలని చూసే కుర్ర వాలంటీరుకూ మధ్య రోజూ జరిగే లాగులాట ఎవరి రిపోర్టులోకీ ఎక్కదు.

ఉల్లాస్‌లో బడిపిల్లలు కూడా వాలంటీర్లు కావచ్చు. ఇంట్లో నాయనమ్మకు మనవరాలే నేర్పాలన్నది వినడానికి బాగుంటుంది. నా అనుభవంలో సొంత ఇంట్లో ఈ పని అన్నిటికన్నా కష్టం. మనవరాలికి కోపమొస్తే నాయనమ్మ వంటింట్లోకి వెళ్లిపోతుంది, నాయనమ్మకు కోపమొస్తే మనవరాలికి ఆ పూట టీవీ ఉండదు. పరాయి పిల్ల ముందు ఇద్దరూ కాస్త మర్యాదగా ఉంటారు. అందుకే పక్కపక్క ఇళ్ల పిల్లలను మార్చి పంపమని నన్ను అడిగిన కోఆర్డినేటర్లకల్లా చెబుతుంటాను. ఈ ఇంటి పిల్ల ఆ ఇంటి నాయనమ్మ దగ్గరికి, ఆ ఇంటి పిల్ల ఈ ఇంటికి. యాప్‌లో ఎవరి కింద ఎవరి పేరు ఎక్కించాలో మాత్రం ముందే చూసుకోవాలి, లేకపోతే సర్టిఫికెట్లు వచ్చిన రోజు రెండిళ్ల మధ్య గొడవ.